నలుగురికి నలభై లీటర్లు: పసిఫిక్ దాటడానికి ఒక ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 6. గ్రెనడా, ఒడ్డున

పడవను నీళ్ళలోంచి తీసి స్టాండ్ల మీద నిలబెట్టి నేటికి పదకొండు రోజులు. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ నుంచి నవంబరు దాకా ఉంటుంది కనుక, కరీబియన్ దీవుల వరుసకు దక్షిణపు కొసన ఉన్న ఈ దీవిలో ఆ ఆరు నెలలూ ఆగిపోయే పడవలు చాలా కనిపిస్తాయి. ఇక్కడికి తుఫానులు రావని కాదు. 2004లో ఐవాన్ ఈ దీవి మీదుగానే వెళ్ళింది, అందుకే మా పడవను స్టాండ్లకే కాక నేలలో పాతిన కొక్కేలకు కూడా బిగించి కట్టారు. పిల్లలకు ఇంటికి వెళ్ళాలంటే పది అడుగుల నిచ్చెన ఎక్కడం కొత్త ఆట. నాకు మాత్రం పనిముట్లు ఒక్కొక్కటి మరిచిపోయి దిగడం, మళ్ళీ ఎక్కడం పాత ఆట.

ఈ విరామంలో చేయదలచుకున్న ప్రాజెక్టును ఒక్క వాక్యంలో రాసిపెట్టుకుంటున్నాను. గలాపగోస్ నుంచి ఫ్రెంచ్ పాలినీషియాలోని మార్కేసస్ దీవుల దాకా సుమారు 3,000 నాటికల్ మైళ్ళు, మా పన్నెండు మీటర్ల పడవకు ఇరవై రెండు రోజులు. ఆ రోజులన్నిటిలో నలుగురికీ కలిపి రోజుకు 40 లీటర్ల మంచినీళ్ళు కావాలి, దాని కోసం ఇంజను మాత్రం వేయకూడదు.

ఇంజను వేయకూడదన్న పట్టుదల డీజిల్ పొదుపు కోసమే అనుకుంటే పొరపాటు. నిరుడు కేప్ వెర్డీలోని మిండెలో నుంచి బార్బడోస్‌కు పదహారు రోజుల్లో వచ్చాము. రోజూ రెండు గంటల పాటు బ్యాటరీల కోసం ఇంజను నడిపాము. మావారూ నేనూ మూడేసి గంటల చొప్పున వంతులు వేసుకుని కాపలా కాసేవాళ్ళం, అంటే ఏ వేళ చూసినా ఇద్దరిలో ఒకరు నిద్రపోవలసిన వేళే. ఇంజను ఉన్నది పడకలను ఆనుకునే. ఆ రెండు గంటల మోతా వేడీ ఎప్పుడు పెట్టినా ఒకరి నిద్ర చెడేది, నిద్ర చెడిన మనిషి తరువాతి వంతులో పిల్లల మీద విసుక్కునేది. ఆ పదహారు రోజుల్లో మేము ఆడుకున్న మాటల్లో సగం నీళ్ళ గురించే, అందులో సగం దెబ్బలాటలే. పదకొండేళ్ళ అమ్మాయి ఉప్పునీళ్ళతో తలంటుకోవడం వల్ల జుట్టు చిక్కులు పడి చివరికి కత్తిరించుకోవలసి వచ్చింది. ఏడేళ్ళవాడికి కాళ్ళ మీద ఉప్పు పొక్కులు లేచాయి. ఈ ప్రాజెక్టు అసలు మొదలు అక్కడ ఉంది.

ఇప్పుడు లెక్క. బ్యాటరీ మీటరు చూసి అట్లాంటిక్ మీద రాసుకున్న అంకెలివి, అన్నీ 12 వోల్టుల దగ్గర యాంపియర్-అవర్లలో. ఆటోపైలట్ రోజుకు 108, ఫ్రిజ్ 60, డిస్‌ప్లే తెరలూ పరికరాలూ, చుట్టుపక్కల ఓడల జాడ తెలిపే ఏఐఎస్ రేడియో కలిపి 45, దీపాలూ పంపులూ కంప్యూటరూ 20. మొత్తం 233. సోలార్ ప్యానెళ్ళు మూడింటి నుంచి వచ్చినది సగటున 120. ప్యానెళ్ళ మీద రాసి ఉన్న శక్తిని బట్టి ఇంకా ఎక్కువ రావాలి, కానీ మేము పడమటికి పోతాము. మధ్యాహ్నం దాటగానే సూర్యుడు అణియం వైపుకు, అంటే పడవ ముందు కొనకు, వస్తాడు, తెరచాపల నీడ వెనక అమరం మీదున్న ప్యానెళ్ళ మీద పడుతుంది. పొద్దున్న సంపాదించుకున్నదే సంపాదన.

దీనికి సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే నీటియంత్రాన్ని కలపాలి. సముద్రపు నీటి ద్రవాభిసరణ పీడనం 27 బార్ల చుట్టూ ఉంటుంది కనుక, ఉప్పును ఆపే సన్నని పొర అయిన మెంబ్రేన్ గుండా మంచినీరు దిగాలంటే నీటిని దాదాపు 55 బార్ల దగ్గర నెట్టాలి. లోపలికి తీసుకున్న దానిలో కొద్ది భాగమే మంచినీరుగా వస్తుంది. మిగతాది ఆ పీడనాన్నంతా వెంటబెట్టుకుని బయటికి పోతుంది. కొత్త యంత్రాలు ఆ పోయే పీడనాన్ని పట్టి మళ్ళీ వాడుకుంటాయి. మాది పాతది, పట్టుకోదు. గంటకు 30 లీటర్లు ఇస్తుంది, 28 యాంపియర్లు మింగుతుంది. తరువాత మెంబ్రేన్‌ను మంచినీటితో కడగడానికి 6 లీటర్లు పోతాయి. కనుక రోజుకు 40 లీటర్లు మిగలాలంటే 46 చేయాలి, 43 యాంపియర్-అవర్లు కావాలి. మొత్తం ఖర్చు 276, రాబడి 120. లోటు 156. ఇంజనుతో పూడ్చాలంటే రోజుకు దాదాపు మూడు గంటలు, ఇరవై రెండు రోజులకు 165 లీటర్ల డీజిల్. మా ట్యాంకు 200 లీటర్లది.

ఈ జాబితాను మూడు రోజులుగా చూస్తున్నాను. నీటియంత్రాన్ని మార్చాలన్నది అందరూ ఇచ్చే సలహా. నాకు మాత్రం చూపు ఆ 108 మీదనే ఆగుతోంది. చుక్కాని పట్టే పని గాలికి అప్పగించగలిగితే నీళ్ళ సమస్య దానంతట అదే సగం తీరుతుంది.

ఆగస్టు 19

నీటి ట్యాంకుల్లో ఎన్ని నీళ్ళున్నాయో చెప్పే ముల్లు మొదటి నుంచీ అబద్ధాలకోరు. సగం అన్నాక రెండు రోజులకే ఖాళీ అంటుంది. దాన్ని పీకేసి, ఈ పనిని పిల్లలిద్దరికీ అప్పగించాను.

ఒక్కొక్కటీ 180 లీటర్లు పట్టే రెండు ట్యాంకులను పూర్తిగా ఖాళీ చేశాము. అయిదు లీటర్ల డబ్బాతో ఒక్కొక్క డబ్బా పోయడం, చెక్క కర్రను నిలువుగా దించి తడి ఎక్కడిదాకా వచ్చిందో చూడడం, అక్కడ కాల్చిన మేకుతో గీత పెట్టడం. ట్యాంకుకు ముప్ఫై ఆరు గీతలు. మొదటి డబ్బాకు నీరు ఆరు సెంటీమీటర్లు లేచింది, చివరి డబ్బాకు ఒక సెంటీమీటరు కూడా లేవలేదు. గీతలు కింద దూరదూరంగా, పైన ఒకదాని మీద ఒకటిగా పడుతుంటే చిన్నవాడు తాను తప్పు చేస్తున్నాననుకుని ఏడుపు ముఖం పెట్టాడు. పడవ అడుగు కోసుగా ఉంటుంది, ట్యాంకు ఆ కోసులోనే కూర్చుంటుంది కనుక అడుగున వెడల్పు తక్కువ, పైన ఎక్కువ అని అక్క బొమ్మ గీసి చూపించింది. ముల్లు ఎందుకు అబద్ధం చెప్పేదో నాకు కూడా అప్పుడే సరిగ్గా అర్థమయింది. ఎత్తులో సగం అంటే నీళ్ళలో సగం కాదు, పావుకన్నా కొంచెం ఎక్కువ, అంతే.

ఆ రోజు లెక్కల పాఠం వేరే చెప్పలేదు. ఇకపై కొలకర్రా, నీళ్ళ పద్దు పుస్తకమూ అమ్మాయి అధీనంలో ఉంటాయి. ఒక ట్యాంకును నిండుగా ఉంచి కవాటం మూసేయాలి, రెండోదాన్నే వాడాలి, యంత్రం చేసిన నీరు ఆ రెండోదానిలోకే పోవాలి అన్న నియమం కూడా పుస్తకం మొదటి పేజీలో రాయించాను. చేసిన నీటిలో పొరపాటున ఉప్పు కలిసినా మొదటి ట్యాంకు క్షేమంగా ఉంటుంది.

సెప్టెంబరు 14

విండ్‌వేన్ వచ్చింది. వాడినదే, కానీ బేరింగులు బాగున్నాయి.

ఇది పనిచేసే తీరు నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. పైన పలుచని చెక్క రెక్క ఒకటి గాలికి ఎదురుగా నిలబడి ఉంటుంది. పడవ దారి తప్పితే గాలి రెక్క పక్కను తాకి దాన్ని వాలుస్తుంది. ఆ వాలు ఒక కడ్డీ ద్వారా కింద నీళ్ళలో ఉన్న తెడ్డును కొద్దిగా తిప్పుతుంది. పడవ ముందుకు పోతోంది కనుక తిరిగిన తెడ్డును నీరు బలంగా పక్కకు తోసేస్తుంది, ఆ తోపుతో తెడ్డు లోలకంలా ఊగి, తనకు కట్టిన తాళ్ళతో స్టీరింగ్ చక్రాన్ని లాగుతుంది. రెక్కది కేవలం సైగ, బలమంతా నీటిది. పడవ ఎంత వేగంగా పోతే అంత బలం. విద్యుత్తు సున్నా. 1960లో అట్లాంటిక్ మీద జరిగిన మొదటి ఒంటరి పడవ పందెం నాటికి నావికుడు బ్లాండీ హాస్లర్ ఇలాంటి గాలి చుక్కానితో బయలుదేరాడు. అంతకు ముందు 1895 నుంచి 1898 దాకా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన జాషువా స్లోకమ్‌కు ఇదీ లేదు. ఆయన 'స్ప్రే' పడవ చుక్కాని కట్టేస్తే చాలు, తన దారిన తాను పోయేదట. మా పడవకు అంత మంచి బుద్ధి లేదు.

బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. అమరం పలకకు ఎనిమిది రంధ్రాలు పెట్టాలి, ఒక్కసారి పెట్టాక వెనక్కి తీసుకోలేము. అట్ట ముక్కతో నమూనా కత్తిరించి, తాళ్ళతో వేలాడదీసి, మావారు కింద నేల మీద నుంచి, నేను పై నుంచి చూస్తూ రెండు పూటలు గడిపాము. రెక్క ప్యానెళ్ళ చట్రానికి తగలకూడదు, తెడ్డు నీటిలో తగినంత లోతుకు దిగాలి, ఈత నిచ్చెన పక్కకు జరగాలి. చివరికి నిచ్చెననే ఒక అడుగు ఎడమకు మార్చాము. రంధ్రాల లోపలి అంచుల్లో, ఫైబర్ పొరల మధ్య నింపిన చెక్క గుజ్జు కనిపించింది. దాన్ని గీకి తీసి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్ళీ తొలిచాము. అలా చేయకపోతే ఏ బోల్టు చుట్టూ నీరు దిగినా ఆ గుజ్జు కుళ్ళిపోతుంది. లోపలి వైపు దన్నుగా దళసరి ఫైబర్ పలకలు పెట్టి, సీలెంట్ పూసి, బోల్టులను మొదట సగం బిగించి, మరునాడు పూర్తిగా బిగించాము. సీలెంట్ అంతా ఒకేసారి పిండుకుపోకుండా ఉండడానికి అదొక్కటే మార్గం.

తాళ్ళు చక్రానికి చేరే దారిలో ఎన్ని కప్పీలు తక్కువైతే అంత మంచిది. మేము గీసిన మొదటి దారిలో ఎనిమిది ఉన్నాయి. ఇప్పుడు నాలుగు.

అక్టోబరు 23

చిన్న పనులు. ఫ్రిజ్ పెట్టె చుట్టూ ఉన్న ఖాళీలో అయిదు సెంటీమీటర్ల నురగ పలకలు కూర్చాము, మూతకు కొత్త రబ్బరు వేశాము; రోజుకు 60 ఉన్నది 42కు దిగింది. రాత్రిళ్ళు పెద్ద తెరను ఆర్పేసి ఏఐఎస్ అలారంనూ దిక్సూచినీ మాత్రమే ఉంచితే పరికరాల ఖర్చు 45 నుంచి 22కు తగ్గుతుంది. వంటగదిలో విద్యుత్తుతో నడిచే కుళాయిని తీసేసి తొక్కుడు పంపులు రెండు పెట్టాము, ఒకటి మంచినీటికి, ఒకటి సముద్రపు నీటికి. కాలు తీస్తే నీరు ఆగిపోతుంది. ఎనిమిది తొక్కులకు ఒక లీటరు అని చిన్నవాడు తేల్చాడు. ఆటోపైలట్ పని ఇక విండ్‌వేన్‌ది కనుక, నీటియంత్రంతో సహా మిగతావన్నీ కలిపితే ఖర్చు 127, రాబడి 120.

నీటియంత్రం ఉప్పునీరు తీసుకునే గొట్టాన్ని కూడా ఈ వారమే మార్చాను. ఇంతకు ముందు అది ఇంజను గొట్టంతో కలిసి ఉండేది. ఇప్పుడు పడవ పక్కగోడలో ఉన్న వేరే సీకాక్‌కు, అంటే సముద్రపు నీరు లోపలికి వచ్చే రంధ్రానికి బిగించిన కవాటానికి, కలిపాను. చేతికి దగ్గరగా ఉంది, పని సులువు.

డిసెంబరు 20. బొనెయిర్

దాదాపు 400 మైళ్ళ పరీక్షా ప్రయాణం ముగిసింది. ఇక్కడ లంగరు వేయనివ్వరు, పగడాల రక్షణ కోసం ముందే బిగించిన తేలే బోయాలకు కట్టుకోవాలి.

మొదటి రాత్రి విండ్‌వేన్ మమ్మల్ని పాములా నడిపించింది. వెనకగాలితో పోయేటప్పుడు పడవ తన వేగాన్ని గాలి వేగంలోంచి తీసేస్తుంది కనుక రెక్కకు తగిలే గాలి బాగా తగ్గిపోతుంది, దాని సైగ నీరసిస్తుంది. అది సహజమే. కానీ అసలు దోషం మాది. పెద్ద తెరచాప నిండుగా ఎత్తి ఉంచాము, అది ప్రతి కెరటానికీ పడవను గాలి వైపు తిప్పేస్తోంది. ఆటోపైలట్ నోరెత్తకుండా విద్యుత్తు తాగుతూ ఆ తప్పును ఇన్నాళ్ళూ కప్పిపెట్టింది. రెండో రోజు పెద్ద తెరచాపను రెండు మడతలు తగ్గించి, ముందు తెరచాపను గడ కట్టి పక్కకు చాపాము. వేగం అర నాట్ (గంటకు అర నాటికల్ మైలు) తగ్గింది, దారి తిన్నబడింది. నాకు ఈ బేరం నచ్చింది, మావారికి ఇంకా నచ్చలేదు.

ఫిబ్రవరి 27. పనామా, పసిఫిక్ వైపు

కాలువ దాటాము. గాటున్ లాకులు మూడు మెట్లలో 26 మీటర్లు పైకి ఎత్తుతాయి. చుక్కాని పట్టే మనిషి కాక నాలుగు తాళ్ళకు నలుగురు ఉండాలి కనుక పక్క పడవల నుంచి ముగ్గురు మాతో వచ్చారు, వాళ్ళు దాటేటప్పుడు మేము వెళ్ళాము. పిల్లలు పడవ అంతా తిరిగి అందరికీ నీళ్ళందించారు, పుస్తకంలో ఆ రోజు ఖర్చు 61 లీటర్లు.

రేవు కుళాయి నీటితో ట్యాంకులు నింపాము. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ మెంబ్రేన్‌ను పాడు చేస్తుంది కాబట్టి, కడిగే నీరు బొగ్గు ఫిల్టరు గుండానే పోయేట్టు ఉందో లేదో మరోసారి చూసుకున్నాను. ఓడల నూనె తేలే ఈ రేవులో యంత్రాన్ని నడిపే ప్రశ్నే లేదు.

మార్చి 25. గలాపగోస్ వదిలి రెండో రోజు

గలాపగోస్ చేరగానే పడవ అడుగు శుభ్రంగా ఉందో లేదో మనుషులు నీళ్ళలోకి దిగి చూశారు. పనామాలో రెండు రోజులు గీకిన కష్టం ఫలించింది. నిన్న బయలుదేరాము. ఆగ్నేయ వ్యాపార పవనాలు దొరికేదాకా నైరుతిగా దిగుతాము. ఇద్దరు పిల్లలకూ వాంతులు, నాకూ అంతే. మూడో రోజుకు అలవాటవుతుంది. నీళ్ళ పద్దు అమ్మాయి బదులు మావారు రాశారు: 22 లీటర్లు. తిండి తినని వాళ్ళకు నీళ్ళ ఖర్చు తక్కువ.

మార్చి 27. నాలుగో రోజు

గాలి దొరికింది. విండ్‌వేన్ ఇరవై ఆరు గంటలుగా ఎవరి చేయీ తగలకుండా నడుపుతోంది.

నీటియంత్రం మాత్రం పేచీ పెట్టింది. పడవ కుడికి ఒరిగినప్పుడల్లా పీడనం ముల్లు పడిపోతుంది, పంపు గొంతు మారిపోయి టకటకలాడుతుంది. గ్రెనడాలో నేను చేతికి దగ్గరగా ఉందని ఎంచుకున్న సీకాక్ ఎడమ పక్కగోడలో, నీటి గీతకు కాస్త కిందుగా ఉంది. రేవులో నిలకడగా ఉన్నప్పుడు అది ఎప్పుడూ నీటిలోనే ఉండేది. ఇక్కడ పెద్ద అలకు పడవ ఒరిగినప్పుడు అది గాలిలోకి లేచి గాలినే పీలుస్తోంది. నేల పలకలెత్తి, కడుపులో తిప్పుతుండగా బోర్లా పడుకుని, పడవ అడుగున మధ్యలో ఉండే కీల్‌కు దగ్గరగా ఉన్న వంటగది ఉప్పునీటి గొట్టంలో మూడు మూతుల జోడింపు పెట్టి, యంత్రాన్ని దానికి కలిపాను. మూడు గంటల పని. టకటక ఆగింది. కానీ అది గాలితో ఎన్ని నిమిషాలు నడిచిందో నాకు లెక్క లేదు.

మార్చి 30. ఏడో రోజు

తెల్లవారుజామున రెండు గంటలకు విండ్‌వేన్ తాడు తెగింది. పడవ గాలి వైపు తిరిగిపోయింది, తెరచాపలు ఫిరంగుల్లా మోగాయి, చిన్నవాడు పడక నుంచి జారి పడకుండా కట్టిన గుడ్డలోనే గుండ్రంగా దొర్లి మళ్ళీ నిద్రపోయాడు. వెంటనే ఆటోపైలట్ వేశాము, తెల్లవారాక నడుముకు పట్టీ తగిలించుకుని తాడు మార్చాను. రోజూ వేల సార్లు ఒకే చోట కప్పీ మీద రాసుకుంటే ఎంత గట్టి తాడైనా తెగుతుంది. ఇకపై తాడును అవసరానికి మించి ఒక మీటరు పొడుగు ఉంచి, ప్రతి పొద్దున్నా నాలుగు వేళ్ళ మేర జరపాలి. అప్పుడు రోజూ కొత్త భాగం రాపిడికి వస్తుంది. తాడు మీద సిరాతో గుర్తులు పెట్టి, జరిగిందో లేదో కాక్‌పిట్‌లోంచి చూసి చెప్పే పని చిన్నవాడికి ఇచ్చాము. వాడు నడకలో ఉన్న పడవలో కాక్‌పిట్ దాటి బయటికి రాకూడదు, కానీ అక్కడి నుంచి చూడడానికి వాడిది అందరికన్నా చురుకైన కన్ను.

ఏప్రిల్ 1. తొమ్మిదో రోజు

రోజుకు సగటున 38 లీటర్లు. ఇంజను ఇప్పటికి సున్నా గంటలు. అమ్మాయి లెక్క చూసి ఒక మాట చెప్పింది: "అమ్మా, రోజూ నడిపి రోజూ ఆరు లీటర్లతో కడిగే బదులు, రోజు విడిచి రోజు నడిపితే సగం మిగులుతుంది కదా." ఆగస్టు నుంచి నా బుర్రకు తట్టలేదు. నిన్నటి నుంచి అలాగే చేస్తున్నాము.

సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా కాపలా వంతు ఆమెది, మాలో ఒకరు తోడుంటాము. వంతు మొదట్లో కొలకర్ర దించుతుంది. పడవ ఊగుతుంది కనుక అయిదు సార్లు దించి, అన్నిటికన్నా పెద్దదాన్నీ చిన్నదాన్నీ తీసేసి, మిగతా మూడిటి సగటు రాస్తుంది.

ఏప్రిల్ 4. పన్నెండో రోజు

నీటియంత్రం చచ్చింది.

పీడనం 30 బార్లు దాటడం లేదు. పంపు కింది కారుడు రంధ్రాల్లోంచి ఉప్పునీరు ధారగా వస్తోంది. 27కూ 30కీ మధ్య ఉన్న ఆ కాస్త తేడాతో మెంబ్రేన్ గుండా దిగేది చుక్కలు, ఆ చుక్కలు కూడా మీటరు మీద వెయ్యి పీపీఎం (పది లక్షల పాళ్ళలో వెయ్యి) దాటి ఉప్పగా ఉన్నాయి. విప్పి చూస్తే పిస్టన్ల సీళ్ళ పెదవులు కమిలిపోయి ఉన్నాయి. ఈ పంపుకు దాని గుండా పోయే నీరే చల్లదనం, నీరే జారుడు. నాలుగో రోజు అది గాలి పీల్చి ఎండిపోయి తిరిగినప్పుడే ఈ పని జరిగింది. నా సులువు సీకాక్ ఫలితం. అదనపు మెంబ్రేన్ ఉంది, రెండు డజన్ల ఫిల్టర్లు ఉన్నాయి, అదనపు చిన్న పంపు కూడా ఉంది. అరచేతిలో పట్టే సీళ్ళ పొట్లం మాత్రం లేదు.

అమ్మాయి ఎవరూ అడగకుండానే కొలకర్ర తెచ్చింది. మూసిన ట్యాంకులో 180, వాడే ట్యాంకులో 64, డబ్బాల్లో 40. మొత్తం 284. మరో పదకొండు రోజుల దారి ఉంది. గాలి పోతే పదహారు అనుకుందాం. రోజుకు 16 లీటర్లు, మనిషికి నాలుగు. తాగడానికీ వంటకూ అది చాలు. బంగాళాదుంపలు సముద్రపు నీటిలో ఉడుకుతాయి, గిన్నెలు సముద్రపు నీటిలో తోముతాము. స్నానం బకెట్టు సముద్రపు నీటితో. చివర్లో మొక్కలకు మందు చల్లే చేతి పంపు సీసాతో మనిషికి అర లీటరు మంచినీటి జల్లు, రెండు రోజులకు ఒకసారి. ఇవన్నీ ఆమే పుస్తకంలో రాసి మా ముందు పెట్టింది. అట్లాంటిక్ మీద ఈ పాటి కొరతకే ఒకరి మీద ఒకరం అరుచుకున్నాము. అప్పుడు ట్యాంకులో ఎంత ఉందో ఎవరికీ తెలియదు, అందుకే ప్రతి గ్లాసు మీదా అనుమానం. ఇప్పుడు అందరికీ ఒకే అంకె తెలుసు.

ఏప్రిల్ 6. పద్నాలుగో రోజు

పొద్దున్న పదకొండు గంటలకే బ్యాటరీలు నిండిపోతున్నాయి. నీళ్ళు చేయడానికి ఎనిమిది నెలలు కష్టపడి మిగిల్చిన విద్యుత్తు ఇప్పుడు ఏం చేసుకోవాలో తెలియకుండా పడి ఉంది. మావారు రాత్రి గాలి నీరసించిన వేళ విండ్‌వేన్‌ను విడిచిపెట్టి ఆటోపైలట్ వేశారు, పైగా పెద్ద తెరచాపలో ఒక మడత విప్పారు. నేనేమీ అనలేదు. పిల్లల పడకల దగ్గర ఫ్యాను రాత్రంతా తిరుగుతోంది.

ఏప్రిల్ 9. పదిహేడో రోజు

రాత్రి మూడింటికి గాలివాన. పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డ కడ్డీ, అదే బూమ్, కింద గుడ్డను జోలెలా కట్టాము. మొదటి పది నిమిషాల నీరు తెరచాపల మీది ఉప్పును కడుక్కుని వస్తుంది, వదిలేశాము. తరువాతి ఇరవై నిమిషాల్లో 70 లీటర్లు. అమ్మాయికి తలంటు పోయడానికి ఈ రోజుకు పాత పద్దతిలో 38 లీటర్ల అనుమతి, దానికి నలుగురం ఓటు వేశాము.

ఏప్రిల్ 15. హివా ఓవా, మార్కేసస్ దీవులు

నిన్న, ఇరవై రెండో రోజు సాయంత్రం, చీకటి పడే ముందు, తహౌకు అఖాతంలో ముందూ వెనకా రెండు లంగర్లు వేశాము. సముద్రపు పొంగు ఈ సన్న అఖాతంలోకి సూటిగా వస్తుంది, పడవ అడ్డం తిరిగితే రాత్రంతా దొర్లవలసిందే. ఈ దీవుల గడియారం గ్రీనిచ్ సమయానికి తొమ్మిదిన్నర గంటలు వెనక. ఆ అర గంట ఏమిటని చిన్నవాడు రెండు సార్లు అడిగాడు.

ఇంజను మొత్తం 3 గంటలు, అది కూడా లంగరు వేయడానికీ, మధ్యలో గాలి ఆగిన ఒక పూటకూ. సీళ్ళు తెప్పించుకోవడానికి ఉత్తరం పంపాను. అవి వచ్చేదాకా డబ్బాలతో ఒడ్డు నుంచి నీళ్ళు మోయడమే. పాత సీకాక్‌కు చెక్క బిరడా కొట్టాను, దాన్ని ఇక వాడను.

పుస్తకం ప్రకారం మిగలవలసినది 156 లీటర్లు. కదలని నీళ్ళలో కొలకర్ర దించితే 149. వంటగది మూలలో రెండు గంటలు కూర్చుని అమ్మాయి ప్రతి వరుసా మళ్ళీ కూడింది, తప్పు దొరకలేదు. అప్పుడు తమ్ముడు మెల్లగా వచ్చి, కొరత మొదలైన నాటి నుంచి రోజూ రాత్రి పడుకునే ముందు ఉప్పు పోయేట్టు కాళ్ళు కడుక్కున్నానని, అయిదు తొక్కులే తొక్కానని చెప్పాడు. ఆమె కోప్పడలేదు. పదకొండు రాత్రులు, యాభై అయిదు తొక్కులు, ఎనిమిదికి ఒక లీటరు చొప్పున దాదాపు ఏడు అని లెక్క కట్టి, చివరి వరుస కింద ఇంకో వరుస గీసి, "తమ్ముడి కాళ్ళు, 7" అని రాసి, పుస్తకం మూసింది.